సూర్యుణ్ణి కనిపెట్టుకుని కూర్చునేవారు

వేసవి సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళలో సముద్రం మాట వస్తుంది. గుంటూరు, తెనాలి, చిలకలూరిపేట ప్రాంతాల వారికి అందుబాటులో ఉన్న తీరం సూర్యలంక. బాపట్లలో రైలు దిగి ఆటో ఎక్కితే తొమ్మిది, పది కిలోమీటర్లు. ఒక గిన్నెలో బిర్యానీ, ఒక క్యాన్‌లో మంచినీళ్ళు, చాపలు, జానమాజులు సర్దుకుని మేము కూడా ఏటా ఒకసారి వెళుతుంటాం. పెద్దవాళ్ళు అలలకు కాళ్ళు తడుపుకుంటారు, పిల్లలు ఇసుకలో ఆడుకుంటారు. ఇదివరకు ఇంతే. ఇప్పుడు వీటికి తోడు మూడు కాళ్ళ స్టాండు ఒకటి వస్తోంది.

ఆ స్టాండు మా అన్నగారి అబ్బాయిది. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పొద్దు గుంకే దృశ్యాన్ని టైమ్‌లాప్స్ తీయాలని వాడి కోరిక. ఇంకా తెలియని పెద్దవారి కోసం రెండు మాటలు. కెమెరాను కదలకుండా ఒకచోట నిలిపి, 5 సెకన్లకు ఒక ఫోటో చొప్పున తానే తీసుకునేలా అమరుస్తారు. రెండు గంటల్లో 1440 ఫోటోలు వస్తాయి. వాటిని సెకనుకు 24 చొప్పున తిప్పితే రెండు గంటల ఆకాశం ఒక్క నిమిషంలో కళ్ళముందు నడుస్తుంది. మబ్బులు పరుగెత్తుతాయి, నీడలు పొడుగవుతాయి, చీకటి పడుతుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనలేం.

గత ఏడాది వేసవిలో జరిగిందేమిటో దాచకుండా చెబుతాం. తప్పు పిల్లవాడి ఒక్కడిదే కాదు గనుక చెప్పాల్సి వస్తోంది. సాయంత్రం నాలుగున్నర నుంచి వాడు స్టాండుతో కుస్తీ పట్టాడు. తడి ఇసుకలో పెడితే కాళ్ళు దిగబడుతున్నాయి, పొడి ఇసుకలో పెడితే గాలికి ఊగుతోంది. అసర్ నమాజుకు రమ్మంటే "మీరు చదవండి చాచా, నేను వచ్చేస్తాను" అన్నాడు. మేము ముగించాం, వాడు రాలేదు. ఎండ పసుపురంగు తిరిగాక పరుగున వచ్చి నాలుగు రకాతులు ఎంత తొందరగా ముగించాడంటే, సజ్దాలో నుదురు ఇసుకకు ఆనిందో లేదో మాకు తెలియలేదు. మళ్ళీ కెమెరా దగ్గరికి పరుగు.

ఇక మగ్రిబ్. మన తీరం తూర్పుకు తిరిగిన తీరం. గోవాలోనో కేరళలోనో మాదిరిగా ఇక్కడ సూర్యుడు నీళ్ళలోకి దిగడు. మన వెనక, సరుగుడు తోటల వెనక, తాటిచెట్ల వెనక దిగుతాడు. ఆ రోజు సూర్యబింబం సరుగుడు తోట చాటుకు పోవడంతోనే మా బంధువుల్లో ఒక పెద్దాయన లేచి చెవుల దగ్గర చేతులు పెట్టి అజాన్ మొదలుపెట్టారు. పిల్లవాడు కదల్లేదు. "ఇంకా వెలుతురు మారుతోంది, సర్దకపోతే మొత్తం నల్లగా వస్తుంది" అన్నాడు. పెద్దాయనకు కోపం వచ్చింది. తస్వీర్ హరామ్ అని, ఈ పెట్టెను సముద్రంలో విసిరేయాలని గట్టిగానే అన్నారు. వాడు ముఖం ముడుచుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు.

తరువాత తీరిగ్గా ఆలోచిస్తే ఆ సాయంత్రం ఇద్దరూ పొరబడ్డారని మాకు అర్థమైంది. కపట విశ్వాసి నమాజ్ ఎలా ఉంటుందో దైవప్రవక్త (స) వర్ణించిన హదీసును హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించగా ముస్లిం గ్రంథంలో చూస్తాం. అతను సూర్యుణ్ణి కనిపెట్టుకుని కూర్చుంటాడు. సూర్యుడు అస్తమించబోయే వేళకు లేచి, కోడి గింజలు పొడిచినట్టు నాలుగు పొడుపులు పొడుస్తాడు. ఆ నాలుగింటిలో అల్లాహ్ స్మరణ బహు తక్కువ. ఆ హదీసు చదివినప్పుడు మాకు స్టాండు పక్కన నిలబడిన మా పిల్లవాడే గుర్తొచ్చాడు. వాడు కపటి అని మేము అనడం లేదు, అల్లాహ్ కాపాడుగాక! కానీ పోలిక భయపెట్టింది. పద్నాలుగు శతాబ్దాల క్రితం కెమెరా లేదు. సూర్యుణ్ణి చూస్తూ నమాజును వెనక్కి నెట్టడం మాత్రం అప్పుడూ ఉంది.

అయితే సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండటమే చెడ్డదా? కాదు. అల్లాహ్ స్మరణ కోసం సూర్యుణ్ణి, చంద్రుణ్ణి, నక్షత్రాలను, నీడలను గమనిస్తూ ఉండేవారు దాసుల్లో ఉత్తములు అనే భావంతో మరొక ఉల్లేఖనం ఇమామ్ హాకిమ్ గ్రంథంలో ఉంది. చూపు అదే, సూర్యుడూ అతడే. ఒకడి చూపు నమాజును ఆలస్యం చేస్తుంది, ఇంకొకడి చూపు నమాజు కోసమే. కెమెరా ఈ రెండింటిలో దేనికైనా పనికొస్తుంది. దాన్ని సముద్రంలో విసిరేస్తే తేలే లెక్క కాదిది.

హరామ్ మాట కూడా చూద్దాం. బొమ్మలు వేసి బతికే ఒకతను హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరికి వచ్చి తన వృత్తి గురించి అడిగితే, తప్పనిసరైతే చెట్లనూ ప్రాణం లేని వస్తువులనూ వేసుకొమ్మని ఆయన చెప్పినట్టు బుఖారీలో ఉంది. ప్రాణుల ఫోటోల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి, ఎవరు ఎవరిని అనుసరిస్తారో వారి ఇష్టం. ఆకాశాన్ని, సముద్రాన్ని, తాటిచెట్టును తీయడంలో ఆ పేచీ రాదు. నిజంగా జాగ్రత్తపడాల్సింది వేరొకటి. సముద్రతీరంలో రెండు గంటలు కెమెరా నిలబెడితే స్నానాలు చేస్తున్న పరాయి కుటుంబాలు, ఆడపడుచులు అందులో పడతారు. వాళ్ళెవరూ మనకు అనుమతి ఇవ్వలేదు. జనం లేనివైపు తిప్పుకోవడం మర్యాద మాత్రమే కాదు, మన బాధ్యత.

పెద్దాయన పొరపాటు ఏమిటంటే అజాన్. సరుగుడు చెట్టు చాటుకు పోయిన సూర్యుడు అస్తమించిన సూర్యుడు కాదు. పదిహేను మీటర్ల ఎత్తు తోట మూడొందల మీటర్ల దూరంలో ఉందనుకుందాం. అది పది, పన్నెండు నిమిషాల ముందే సూర్యబింబాన్ని దాచేస్తుంది. నమాజైతే వేళయ్యాక మళ్ళీ చదువుకోవచ్చు. ఉపవాసం అయితే? 2018, 2019 సంవత్సరాల్లో రంజాన్ మన మండుటెండల్లోకే వచ్చింది. రోహిణీ కార్తెలో నాలుక పిడచకట్టుకుపోయి ఖర్జూరం చేతిలో పట్టుకున్నవాడు చెట్టు చాటును చూసి నోట్లో వేసుకుంటే పగలంతా ఉన్న ఉపవాసం చెడిపోయి ఖజా మీద పడుతుంది. ఆ రోజు చెట్ల మీదుగా వెలుతురు ఇంకా నిలువుగా కొడుతోందని గమనించింది మా పిల్లవాడే. అస్తమయం కోసం కాచుకున్నవాడు కదా! చెబితే ఎదురు మాట్లాడినట్టవుతుందని నోరు మూసుకున్నాడట. ఈ సంగతి వాడు మాకు నెలరోజుల తరువాత చెప్పాడు.

పడమర చెట్లతో మూసుకుపోయినప్పుడు ఏం చూడాలి? దీనికి జవాబు కూడా హదీసులో ఉంది. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) ఉపవాసంతో ఉన్నారు. సూర్యుడు అస్తమించగానే ఒక సహచరుణ్ణి వాహనం దిగి తాగడానికి పేలపిండి కలపమన్నారు. ఇంకా పగటి వెలుతురే ఉంది కదా అని ఆయన సందేహించారు. మళ్ళీ చెప్పించుకుని చివరకు కలిపి ఇచ్చారు. ప్రవక్త (స) సేవించి, చేతితో తూర్పు దిక్కు చూపి, రాత్రి అటునుంచి రావడం చూశారంటే ఉపవాసికి విరమణ వేళ అయినట్టేనని బోధించారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అబీ ఔఫా (రజి) చెప్పిన ఈ ఉదంతం బుఖారీలో ఉంది.

రాత్రి తూర్పు నుంచి వస్తుంది! మనమంతా పొద్దుగూకడం అంటే పడమరకే మెడలు తిప్పుతాం. తూర్పున ఏం జరుగుతుందో ఎవరం చూడం. సూర్యుడు దిగిపోయిన క్షణం నుంచి భూమి నీడ ఎదురు దిక్కున ఆకాశంలోకి లేవడం మొదలవుతుంది. మబ్బు, మసక లేని రోజున నీళ్ళ అంచు మీద నీలిబూడిద రంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది. దాని పైన గులాబీ రంగు అంచు ఉంటుంది. నిమిష నిమిషానికి ఆ పట్టీ పైకి జరిగి, పావుగంట, ఇరవై నిమిషాల్లో మామూలు చీకట్లో కలిసిపోతుంది. ఆ నీలిబూడిద పట్టీయే మనం నిలబడ్డ భూగోళపు నీడ. దీన్ని చూడటానికి చెట్లు, ఇళ్ళు అడ్డంలేని తూర్పు కావాలి. గోవా వాళ్ళకు అటు కొండలు అడ్డం. మనకైతే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తూర్పంతా నీళ్ళే. మన తీరంలో సూర్యాస్తమయం లేదని మా పిల్లవాడు ఏడాదిగా సణుగుతున్నాడు. ఉన్నదేమిటో వాడికీ తెలియదు, మాకూ తెలియదు. అల్ ఫుర్ఖాన్ సూరాలో నీడ ఎలా సాగుతుందో చూడమని, సూర్యుణ్ణి దానికి సూచికగా నిలిపానని, తరువాత దాన్ని మెల్లమెల్లగా తనవైపు తీసుకుంటానని అల్లాహ్ తెలిపిన మాటను ఎన్నిసార్లు చదివామో! చెట్టు నీడ, గోడ నీడ అనుకుంటూ చదివాం.

వేసవిలో మన తీరానికి మరో విశేషం ఉంది. బాపట్ల దగ్గర నుంచి ఖిబ్లా నేరు పడమర కాదు, పడమర నుంచి ఉత్తరం వైపు సుమారు 15 డిగ్రీలు జరిగి ఉంటుంది. ఏప్రిల్ చివరివారంలో సూర్యుడు సరిగ్గా ఆ దిక్కునే అస్తమిస్తాడు. మే చివరికి ఇంకో ఏడు డిగ్రీలు కుడికి జరుగుతాడు, అంతే. అంటే వేసవి మగ్రిబ్‌లో మనం నిలబడేది దాదాపు అస్తమించిన చోటుకు ఎదురుగానే. సూర్యబింబం పూర్తిగా మునిగేదాకా నమాజ్ మొదలుపెట్టకూడదని ఎందుకు కట్టడి చేశారో ఆ ఇసుకలో నిలబడితే తేలిగ్గా బోధపడుతుంది. సూర్యుణ్ణి ఆరాధించేవారితో పోలిక కలగకూడదు. సూర్యుడు వెళ్ళిపోవాలి, ఆ తరువాతే సూర్యుణ్ణి సృష్టించినవాడి ముందు తలవంచాలి. అస్తమించేవాటిని తాను ప్రేమించలేనని హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) తన జాతికి తెలియజేసిన వైనం అల్ అన్ఆమ్ సూరాలో అందరికీ తెలిసిందే.

ఇవన్నీ తెలుసుకున్నాక ఈ ఏడాది మే 28న మళ్ళీ వెళ్ళాం. ఆ తేదీ ఎంచుకోవడానికి కారణముంది. ఏటా మే 27, 28 తేదీల్లో మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు కాబా గృహానికి నడినెత్తిన ఉంటాడు. ఆ నిమిషంలో నిటారుగా పాతిన కర్ర నీడకు ఎదురు దిక్కే ఖిబ్లా. జూలై 15, 16 తేదీల్లోనూ ఇలాంటి అవకాశం వస్తుంది. ఫోనులోని దిక్సూచి ఆటో పక్కన ఒకలా, ఇసుకలో మరోలా చూపించి మమ్మల్ని తికమకపెట్టింది. కెమెరా స్టాండు నడిమి కడ్డీ నీడ పక్కన పిల్లలు కాలి బొటనవేలితో గీత గీశారు. సాయంత్రం దాకా మా సఫ్ఫులన్నీ ఆ గీతను బట్టే. నిరుడు పెట్టెను విసిరేయమన్న పెద్దాయన కూడా వంగి గీతను రెండుసార్లు పరీక్షించి, ఏమీ అనకుండా జానమాజ్ దానికి సరిపోయేలా తిప్పుకున్నారు.

ఈసారి పిల్లవాడు అసర్ తొలివేళలోనే జమాత్‌తో చదివి, ఆ తరువాతే స్టాండు జోలికి వెళ్ళాడు. సముద్రపు నీటితో వజూ అవుతుందా అని చిన్నపిల్లలు అడిగారు. అవుతుంది, ఆ నీరు పరిశుద్ధమని ప్రవక్త (స) స్పష్టం చేశారు. కళ్ళు మండుతాయని మాత్రం మేము చేర్చాం. స్టాండు కాళ్ళ మధ్య ఇసుక నింపిన సంచి వేలాడదీస్తే గాలికి ఊగలేదు. కెమెరాను తూర్పు సముద్రం వైపు తిప్పాడు. ఎండకు ఎదురుగా పెట్టే బాధ తప్పింది. లెన్సులోంచి సూర్యుణ్ణి నేరుగా చూస్తే కంటికి ప్రమాదం. ఇది ప్రతి తల్లీ తండ్రీ పిల్లలకు చెప్పాల్సిన మాట. వెలుతురు తగ్గేకొద్దీ సర్దే పని కెమెరాకే అప్పగించే పద్ధతి ఉందట. అప్పగించాడు. వచ్చిన చిత్రం అక్కడక్కడా మినుకుమినుకుమంటుంది. మనిషి పక్కన నిలబడి సర్దితే ఇంకా బాగుండేదని వాడే ఒప్పుకున్నాడు. ఆ మాత్రం నష్టం ఉంది, దాచడమెందుకు?

నష్టం ఎంతో లెక్క కట్టాం. ఇక్కడ మే నెలాఖరులో సూర్యబింబపు కింది అంచు నేలను తాకినప్పటి నుంచి పూర్తిగా మునగడానికి రెండు నిమిషాల ఇరవై సెకన్లు పడుతుంది. చిత్రంలో అది ఒక్క సెకను పైచిలుకు. మగ్రిబ్ మూడు రకాతులు జమాత్‌తో నిదానంగా ఏడు నిమిషాలనుకుంటే 84 ఫోటోలు, చిత్రంలో మూడున్నర సెకన్లు. ఆ మూడున్నర సెకన్లు కాస్త నున్నగా రావడానికా నిరుడు అంత రభస జరిగింది?

ఆరున్నర దాటింది. గాలి సముద్రం నుంచి ఊళ్ళోకి వీస్తోంది గనుక ఏ మసీదు అజానూ వినపడదు. ఫోనులు సంచుల్లో ఉన్నాయి. అందరం తూర్పు చూశాం. నీళ్ళ మీద పట్టీ లేచింది. "వచ్చింది చాచా" అన్నాడు పిల్లవాడు. అజాన్ ఇమ్మని పెద్దాయనే వాడికి చెప్పారు. వాడి గొంతు ఇంతకు ముందు మేమెవరం వినలేదు.

నమాజ్ అయ్యాక కూడా కెమెరా నడుస్తూనే ఉంది, మేము పడమర చూస్తూ కూర్చున్నాం. అక్కడ ఎరుపు ముందు పోయింది, దాని వెనక పాలిపోయిన తెలుపు చాలాసేపు నిలిచింది. షఫఖ్ అంటే ఈ ఎరుపేనని ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ అభిప్రాయం. తరువాత వచ్చే తెలుపు కూడా అందులో భాగమేనని వారి గురువు ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. మగ్రిబ్ ఎప్పుడు ముగుస్తుందో, ఇషా ఎప్పుడు మొదలవుతుందో ఈ తేడాను బట్టే ఉంటుంది. మదర్సాలో పుస్తకం చూసి కంఠతా పట్టిన మాట, కళ్ళారా చూడటం మాకదే మొదటిసారి. సూర్యుడు అంచు కిందికి 18 డిగ్రీలు దిగేసరికి ఇక్కడ దాదాపు గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. మన గోడ క్యాలెండర్లలో, ఫోను యాప్‌లలో ఇషా వేళను చాలావరకు ఈ 18 డిగ్రీల లెక్కతోనే వేస్తారు.

ఆ లెక్కలు ఎవరో ఒకరు ఆకాశం చూసి కట్టినవే కదా! పదకొండో శతాబ్దంలో అందులూసియా ఖాజీ ఇబ్నె ముఆజ్ సంధ్యవెలుగు మీదే ఒక గ్రంథం రాసి, దాని ఆధారంగా గాలిపొర ఎత్తును గణించాడు. డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో వేళలు చూసే ముఅఖ్ఖిత్ ఉద్యోగి ఇబ్నె షాతిర్ 1371 ప్రాంతంలో ఆ మసీదు మీనారు కోసం నీడ గడియారం చేశాడు. మన పూర్వీకులు ఇంత చేశారని సభల్లో చెప్పుకుని చప్పట్లు కొట్టడం మనకు బాగా అలవాటు. మన మొహల్లాలో అస్తమయాన్ని ఆఖరిసారి కళ్ళతో చూసి అజాన్ ఇచ్చింది ఎవరు, ఎప్పుడు అంటే జవాబు చెప్పేవాడుండడు. యాప్ తప్పని మేము అనడం లేదు. మబ్బు పట్టిన రోజున దానికి మించిన ఆధారం లేదు. కానీ చూపు పూర్తిగా దాని మీదే వదిలేసినవాళ్ళం గనుకనే సరుగుడు తోట మమ్మల్ని మోసం చేయగలిగింది.

కాబట్టి పిల్లల చేతిలోని స్టాండును చూసి ఉరిమే పెద్దలకు మా విన్నపం ఒకటే. వాడు ఆకాశం వైపు చూస్తున్నాడు. మనమెవరం చూడని చోటుకు చూస్తున్నాడు. ఆ చూపును అసర్ తరువాతకు, మగ్రిబ్ ముందుకు తెచ్చి సరిచేయండి. ఉరిమి దించేయకండి. పిల్లలకు చెప్పేది ఏమిటంటే, మీట నొక్కాక ఆ యంత్రానికి మీతో పనిలేదు. దాని పక్కన కాపలా నిలబడి నమాజ్ పోగొట్టుకోకండి.

ఇంటికి వచ్చాక ఆ నిమిషం చిత్రాన్ని టీవీకి తగిలించి అందరం చూశాం. నీలిబూడిద పట్టీ ఒక్క ఊపున సముద్రం మీది నుంచి లేచింది. సరిగ్గా మగ్రిబ్ జరుగుతున్న మూడున్నర సెకన్లలో ఒక ఊరకుక్క వచ్చి లెన్సు ముందు కూర్చుని, మూడు నాలుగు ఫోటోలలో ఉండి వెళ్ళిపోయింది. పిల్లలు నవ్వారు. దాదీ కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికి జరిగింది.

"మనం ఎక్కడున్నాంరా ఇందులో?"

"కెమెరా వెనక ఉన్నాం దాదీ, నమాజులో."

"మళ్ళీ పెట్టు" అంది. వాడు మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. ఏప్రిల్ చివరివారంలో ఒకసారి వెళ్ళి, సూర్యుడు సరిగ్గా ఖిబ్లా దిక్కున దిగడం చూడాలని పెద్దాయన అంటున్నారు. పడమర అడ్డం లేని చోటు వెతకాలి. చిన్నగంజాం ఉప్పుకొటార్ల వైపు బాగుంటుందేమో అని పిల్లవాడు అంటున్నాడు.